డిస్క్ నిండిందన్నది ఎవరు?

డిస్క్ 90 శాతం దాటిందని అలారం మోగితే మన టీముల్లో మొదట వినబడే మాట "పెంచేయ్". వంద జీబీని రెండొందలు చేసేయ్. మేనేజరు బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద, బెల్లందూరు దగ్గర క్యాబ్‌లో ఇరుక్కుపోయి ఉన్నా సరే, ఫోన్లోంచే అప్రూవల్ వచ్చేస్తుంది. కన్సోల్లో నాలుగు క్లిక్కులు, అలారం ఆకుపచ్చకి తిరుగుతుంది, టికెట్ మూసేస్తారు. రూట్ కాజ్ గడిలో "డిస్క్ స్పేస్ ఇష్యూ" అని రాస్తారు. అంటే సమస్య పేరునే కారణం గడిలో ఇంకోసారి రాస్తారన్నమాట.

ఈ అలవాటు మీద నాకు చాలాకాలంగా కోపం. డబ్బు దండగ సంగతి అలా ఉంచండి. ఒకసారి పెంచాక వెనక్కి రావడం మహా కష్టం. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఈబీఎస్ వాల్యూమ్‌ని, అంటే అద్దెకిచ్చే డిస్క్‌ని, పెంచుకోవచ్చు, తగ్గించే వీలు లేదు. తగ్గించాలంటే చిన్న వాల్యూమ్ కొత్తగా చేసి డేటా అంతా అందులోకి మోసుకోవాలి. డిస్క్ మీద ఫైళ్లని అమర్చి లెక్క రాసుకునే పొరని ఫైల్‌సిస్టమ్ అంటారు. అందులో ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే రకం హాయిగా పెరుగుతుంది, తగ్గించడం మాత్రం ఆచరణలో లేదనే చెప్పాలి. ఈఎక్స్‌టీ4 అనే ఇంకో రకం తగ్గుతుంది గానీ అన్‌మౌంట్ చేసి, అంటే వాడకంలోంచి విడదీసి, తగ్గించాలి. నడుస్తున్న ప్రొడక్షన్ మెషిన్‌లో సిస్టమ్ అంతా కూర్చున్న రూట్ డిస్క్‌ని అన్‌మౌంట్ చేస్తామని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం? అందుకే ఓ అర్ధరాత్రి తొందరలో పెంచిన వంద జీబీకి ఆ మెషిన్ బతికున్నంతకాలం నెలనెలా కడుతూనే ఉంటాం. ఈబీఎస్ బిల్లు మనం వాడినదానికి రాదు, అడిగి పుచ్చుకున్న సైజుకి వస్తుంది.

నా వాదన ఇది. వర్చువల్ మెషిన్ (హోస్ట్ అనే అసలు కంప్యూటర్ మీద సాఫ్ట్‌వేర్‌తో నడిచే మెషిన్) మీద "డిస్క్ ఎంత నిండింది" అని అడిగితే ఒక్క జవాబు ఉండదు. పేర్లున్న ఫైళ్లన్నీ కలిపితే ఒక లెక్క. ఫైల్‌సిస్టమ్ తన ఖాతాలో రాసుకున్నది ఇంకో లెక్క. కింద హోస్ట్ మీద ఆ డిస్క్ ఇమేజ్ (మెషిన్ తన డిస్క్ అనుకునే ఫైల్) ఆక్రమించిన చోటు మూడోది. ఆ ఇమేజ్‌లన్నీ పంచుకునే స్టోరేజ్ పూల్‌లో మిగిలింది నాలుగోది. నాలుగూ నిజమే, నాలుగూ తేడాగానే ఉంటాయి. ఏ లెక్క నిండిందో తేల్చకుండా పెంచితే నిండనిదాన్ని పెంచి నిండినదాన్ని వదిలేసే ప్రమాదం ఉంది. అలా వదిలేసినవాళ్లని చూశాను కూడా, ఆ సంగతి కింద చెబుతాను.

ముందు మొదటి రెండు లెక్కలు. లినక్స్‌లో మొదటిదాన్ని డీయూ, రెండోదాన్ని డీఎఫ్ అనే కమాండ్లు చూపిస్తాయి. మా టీములో ప్రొద్దుటూరు కుర్రాడొకడున్నాడు, చురుకైనవాడు. ఆన్‌కాల్‌లో, అంటే అలారాలు చూసుకునే వంతులో, ఉండగా ఓ రాత్రి మెసేజ్ పెట్టాడు.

"అన్నా, డీఎఫ్ 98 శాతం అంటోంది. డీయూ కొట్టి చూస్తే రూట్ మొత్తం కలిపి 38 జీబీయే. డిస్క్ వంద జీబీ. మిగతాది ఎవడు తిన్నాడన్నా?"

ప్రశ్న అడగాల్సిన విధంగానే అడిగాడు. దీనికి చాలాచోట్ల దొరికే జవాబు "డీఎఫ్ అప్పుడప్పుడు అలా తిక్కగా చూపిస్తుంది, రీబూట్ కొట్టు" అని. రీబూట్ చేస్తే నిజంగానే అంతా సర్దుకుంటుంది, అదే నాకు నచ్చని విషయం. సాక్ష్యం కూడా దాంతోపాటే పోతుంది. రెండు వారాల్లో సమస్య మళ్లీ తలుపు తడుతుంది.

డీఎఫ్ ఒక్క ఫైల్‌ని కూడా తెరిచి చూడదు. స్టాట్‌ఎఫ్‌ఎస్ అనే సిస్టమ్ కాల్‌తో ఫైల్‌సిస్టమ్‌నే అడుగుతుంది: మొత్తం బ్లాకులు (చోటుని కోసిన చిన్న ముక్కలు) ఎన్ని, ఖాళీవెన్ని, మామూలు యూజర్‌కి ఇవ్వగలిగినవెన్ని. కోటి ఫైళ్లున్నా క్షణంలో జవాబు రావడానికి కారణం అదే. డీయూ ఆ ఖాతా జోలికే పోదు. డైరెక్టరీ డైరెక్టరీకీ నడుచుకుంటూ వెళ్లి, కనబడ్డ ప్రతి ఫైల్‌కీ ఎన్ని బ్లాకులు కేటాయించారో అడిగి కూడుతుంది. కాబట్టి బ్లాకులు వాడుతూ పేరు లేనివి డీఎఫ్‌కే తెలుస్తాయి. పేరుండీ అక్కడికి దారి మూసుకుపోయినవాటి సంగతీ అంతే. డీఎఫ్ ఎక్కువ చూపించినప్పుడు తేడా చాలావరకు ఈ రెండు గుంపుల్లోనే దాక్కుని ఉంటుంది.

కుర్రాడికి ఒక కమాండ్ చెప్పాను: ఎల్‌ఎస్‌ఓఎఫ్, దానికి ప్లస్ ఎల్1 ఆప్షన్. ఏదో ఒక ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకుని ఉన్న ఫైళ్లలో లింక్ కౌంట్, అంటే పేర్ల సంఖ్య, ఒకటికంటే తక్కువ ఉన్నవాటినే చూపిస్తుంది. అంటే పేరు చెరిపేసినా ప్రాణం పోనివి. వచ్చిన జాబితాలో నాలుగైదు చిన్నాచితకా వరుసలు, మధ్యలో ఒకటి: జావా, ప్రాసెస్ నంబరు 2217, ఫైల్ డిస్క్రిప్టర్ (ప్రాసెస్ తెరిచిన ఫైల్‌కి ఉండే నంబరు) 4, సైజు 5,690 కోట్ల బైట్లు, లింక్ కౌంట్ సున్నా, చివర్లో ఓ లాగ్ ఫైల్ పేరు, దాని పక్కన "డిలీటెడ్" అన్న మాట. 1,024 లెక్కన చూస్తే అది 53 జీబీ. దానికి 38 కలిపితే 91. మిగతాది ఎక్కడుందో కాసేపట్లో చెబుతాను.

జరిగిందేమిటంటే, అంతకు కొన్నాళ్ల ముందు ఎవరో డిస్క్ క్లీనప్ అని చెప్పి ఆ లాగ్‌ని ఆర్‌ఎం కొట్టారు. లినక్స్‌లో ఆర్‌ఎం ఫైల్‌ని చెరపదు, డైరెక్టరీలోంచి పేరు తీసేస్తుంది అంతే. ఆఖరి పేరూ పోయి, తెరిచి పట్టుకున్న ఆఖరి ప్రాసెస్సూ వదిలేస్తేనే లినక్స్ మూలభాగమైన కెర్నెల్ ఆ బ్లాకుల్ని విడుదల చేస్తుంది. మన జావా ప్రాసెస్ వదల్లేదు. వదలకపోగా, పేరులేని ఆ ఫైల్లోకి నిమిష నిమిషానికీ రాస్తూనే ఉంది. క్లీనప్ చేసిన రోజు నుంచీ లాగ్ చదవడానికి ఎవరికీ దొరకలేదు, చోటు మాత్రం తింటూనే ఉంది. రెండిందాలా నష్టం.

ఇలాంటప్పుడు సర్వీస్ రీస్టార్ట్ చెయ్యొచ్చు. రాత్రిపూట ఆ ధైర్యం లేకపోతే నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే ప్రోక్ డైరెక్టరీలో 2217 కింద ఎఫ్‌డీలో 4 అన్న ఎంట్రీ ద్వారానే ఆ ఫైల్‌ని సున్నాకి కుదించొచ్చు. కుర్రాడు రెండోదే చేశాడు. డీఎఫ్ 98 నుంచి 41కి పడింది. "అన్నా, ఇంత సింపులా" అన్నాడు. సింపులే. కానీ ఆ మెషిన్ అంతకుముందే ఒకసారి 50 నుంచి 100కి పెరిగి ఉంది, టికెట్ చరిత్రలో కనబడుతోంది. అప్పుడు కూడా కారణం ఇదేనని నా అనుమానం, ఇప్పుడు రుజువు చేయలేం. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి: ఆ జాబితాలో డిలీటెడ్ అని కనబడిందల్లా తప్పు కాదు. మైఎస్‌క్యూఎల్ లాంటివి తాత్కాలిక ఫైళ్లని కావాలనే తెరిచి, వెంటనే పేరు చెరిపి వాడుకుంటాయి. సైజు చూసి, ప్రాసెస్ ఏదో చూసి ముట్టుకోవాలి.

దీనికి పాత లాగ్‌ని పక్కకి తీసి కొత్తది మొదలుపెట్టించే లాగ్‌రొటేట్ ఉంది కదా అంటారు. ఉంది. సరిగా పెడితే పనిచేస్తుంది. ఎంజినిఎక్స్ వెబ్ సర్వర్ అయితే రొటేట్ అయ్యాక దానికి యూఎస్‌ఆర్1 సిగ్నల్ పంపాలి, అప్పుడే పాత ఫైల్ వదిలి కొత్తది తెరుస్తుంది. ఆ వరుస మరిచిపోతే పైన చెప్పిన కథే రిపీట్. సిగ్నల్ పెట్టడానికి బద్ధకించి చాలామంది కాపీట్రంకేట్ ఆప్షన్ పెట్టేస్తారు. ఫైల్‌ని కాపీ తీసి, అసలుదాన్ని అక్కడికక్కడే సున్నా చేస్తుంది, అప్లికేషన్‌కి చెప్పే పనే లేదు. వినడానికి బాగుంది. అప్లికేషన్ ఆ ఫైల్‌ని అపెండ్ మోడ్‌లో (ఎప్పుడూ ఫైల్ చివరే రాసే పద్ధతిలో) తెరవకపోతే మాత్రం ఒక చిత్రం చూస్తారు. అప్లికేషన్ దృష్టిలో తను 12 జీబీ దగ్గర రాస్తోంది. కింద ఫైల్ సున్నా అయిందని దానికి తెలీదు. తర్వాతి వరుసని 12 జీబీ స్థానంలోనే రాస్తుంది. ముందున్నదంతా రంధ్రం, అంటే డిస్క్ మీద బ్లాకుల్లేని ఖాళీ. ఎల్‌ఎస్ కొడితే 12 జీబీ అంటుంది, డీయూ కొడితే నాలుగు కేబీ అంటుంది, హెడ్ కొడితే వచ్చేవి ఉత్త సున్నా బైట్లే. ఇక్కడ డీఎఫ్, డీయూ రెండూ ఒకే మాట మీద ఉంటాయి, ఎల్‌ఎస్ ఒక్కటే వేరు. నష్టం లేదనుకుంటామా, రాత్రి బ్యాకప్ వస్తుంది. రంధ్రాల్ని రంధ్రాలుగానే ఉంచే స్పార్స్ ఆప్షన్ లేకుండా ఆర్‌సింక్‌తో కాపీ కొడితే అవతలి మెషిన్ మీద నిఖార్సైన 12 జీబీ సున్నాలు రాసిపెడుతుంది. ఇక్కడి మెషిన్ ఖాళీగా ఉంటే అక్కడి బ్యాకప్ సర్వర్ నిండిపోయి, ఇద్దరు టీమ్ లీడ్లు ఒకరి మీద ఒకరు మెయిళ్లు రాసుకుంటారు. ఇద్దరి స్క్రీన్‌షాట్లూ నిజమే.

ఇందాక బాకీ పెట్టిన ముక్క. డీఎఫ్ చూపించే మొత్తంలోంచి వాడింది తీసేస్తే మిగిలింది రావాలి కదా, రాదు. ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసేటప్పుడే 5 శాతం బ్లాకులు రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది. డీఎఫ్ ఇచ్చే శాతం కూడా వాడినదాన్ని మొత్తంతో భాగించి వచ్చింది కాదు. వాడినది, మామూలు యూజర్‌కి మిగిలినది, ఈ రెండింటినీ కూడి దాంతో భాగిస్తుంది. వంద జీబీ డిస్క్ మీద 91 చిల్లర వాడితే 98 శాతం కనబడటం వెనక గుట్టు ఇదే. కొంత ఫైల్‌సిస్టమ్ సొంత పట్టికలకి పోయింది, ఐదు జీబీ రూట్ పేరున పక్కన ఉంది. రూట్ డిస్క్ మీద ఆ 5 శాతాన్ని ముట్టుకోవద్దంటాను. డిస్క్ నిండిన రోజున లాగిన్ అయి నాలుగు కమాండ్లు కొట్టగలగడానికి ఆధారం అదే. ఒక టెరాబైట్ డేటా డిస్క్ మీద 50 జీబీని అలా ఉంచడం మాత్రం అనవసరం, ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో ఒక శాతానికి దించుకోవచ్చు, మౌంట్ అయి ఉండగానే. డిస్క్ కొనకుండా 40 జీబీ దొరుకుతుంది. ఈ సంగతి తెలిసి కూడా కొత్త వాల్యూమ్ అడిగేవాళ్లని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

దారి మూసుకుపోయిన ఫైళ్ల సంగతి. డేటా డైరెక్టరీ మీద ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్ (నెట్‌వర్క్ మీదుగా వచ్చే డిస్క్) మౌంట్ అవ్వాలి. మౌంట్ల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్‌లో నోఫెయిల్ అని ఉంది, అంటే షేర్ దొరక్కపోయినా బూట్ ఆగదు. ఓ రోజు నెట్‌వర్క్ ఆలస్యంగా లేచింది, మౌంట్ అవ్వలేదు, అప్లికేషన్ మాత్రం లేచి అదే డైరెక్టరీలోకి, అంటే రూట్ డిస్క్ మీదికి, గంటలకొద్దీ రాసింది. ఎవరో గమనించి మౌంట్ చేశారు. అంతే, రాసినదంతా మౌంట్ కిందికి పోయింది. డీయూకి కనబడదు, డీఎఫ్ మరిచిపోదు, ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో కూడా ఏమీ ఉండదు. రీబూట్ చేసినా పోదు. ఇలాంటప్పుడు రూట్‌ని ఇంకో ఖాళీ డైరెక్టరీ మీద బైండ్ మౌంట్ చేసి, అంటే అదే రూట్‌ని ఇంకో చోట కూడా కనబడేలా చేసి, అక్కడ డీయూ కొట్టాలి. బైండ్ మౌంట్‌తో పాటు పై మౌంట్లు రావు కాబట్టి కింద ఉన్నవి బయటపడతాయి. నాకు ఇది అన్నిటికన్నా ఇష్టమైన కమాండ్, ఎందుకంటే దీన్ని గూగుల్ చేసేలోపే జనం డిస్క్ పెంచేస్తారు.

డీయూ ఎక్కువ చూపించి డీఎఫ్ తక్కువ చూపించే కేసులు కూడా ఉన్నాయి. వాటిలో సగం ఎక్స్ ఆప్షన్ (వేరే ఫైల్‌సిస్టమ్‌లలోకి దూరకుండా ఆపేది) పెట్టకపోవడం వల్ల వచ్చేవే. అప్లికేషన్లని కంటెయినర్లనే పెట్టెల్లో నడిపే డాకర్ ఉన్న మెషిన్ మీద ఆ ఆప్షన్ లేకుండా రూట్ నుంచి డీయూ కొడితే ఓవర్‌లే మౌంట్లలోకి కూడా దూరి ఒకే ఫైల్‌ని రెండేసిసార్లు కూడుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో రీఫ్లింక్ కాపీలు పంచుకునే బ్లాకుల్ని కూడా డీయూ ఎన్ని ఫైళ్లుంటే అన్నిసార్లు లెక్కేస్తుంది. డాకర్ మాటెత్తాం కనుక, కంటెయినర్ల జేసన్ లాగ్‌లకి డిఫాల్ట్‌గా పరిమితి లేదు, పెరుగుతూనే ఉంటాయి. మా దగ్గర రాత్రి కాల్స్‌లో దీని వాటా చిన్నది కాదు.

ఐనోడ్లు (ఒక్కో ఫైల్ వివరాలు రాసుకునే గడులు) అయిపోతే కూడా "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అనే వస్తుంది, డీఎఫ్‌కి ఐ ఆప్షన్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఈఎక్స్‌టీ4 డిఫాల్ట్‌గా 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున ముందే లెక్కకట్టి పెడుతుంది, చిన్న చిన్న సెషన్ ఫైళ్లు లక్షల్లో పోగుపడితే చోటున్నా ఐనోడ్ ఉండదు. ఇంకో సంగతి చెబితే నమ్మరు: ఫైళ్లలో మార్పుల్ని కనిపెట్టే ఐనోటిఫై వాచ్‌ల పరిమితి దాటినా కెర్నెల్ ఇచ్చేది ఇదే ఎర్రర్. డిస్క్ సగం ఖాళీగా ఉండగా, ఎర్రర్ చూసి డిస్క్ పెంచి, ఎర్రర్ పోక మళ్లీ పెంచినవాళ్లున్నారు.

ఇప్పటిదాకా చెప్పిందంతా మెషిన్ లోపలి గొడవ. అసలైన గొడవ కింది పొరల్లో ఉంది.

గెస్ట్‌లో, అంటే వర్చువల్ మెషిన్ లోపల, ఫైల్ డిలీట్ చేస్తే ఫైల్‌సిస్టమ్ తన ఖాతాలో ఆ బ్లాకులు ఖాళీ అని రాసుకుంటుంది. కింద ఉన్న డిస్క్‌కి ఆ కబురు అందాలని రూలేమీ లేదు. హోస్ట్ మీద క్యూకౌ2 రకం డిస్క్ ఇమేజ్ ఉంటే అది రాసినకొద్దీ ఉబ్బుతుంది, డిలీట్ చేసినంతమాత్రాన తగ్గదు. రోజూ 20 జీబీ డంప్ తీసి మర్నాడు చెరిపేసే మెషిన్‌ని తీసుకోండి. లోపల డీఎఫ్ ఎప్పుడు చూసినా 40 శాతం. బయట ఇమేజ్ మాత్రం ఏదో ఒకనాటికి పూర్తి సైజుకి చేరుతుంది, ఎందుకంటే ఫైల్‌సిస్టమ్ కొత్త డంప్‌ని పాత చోటే రాయాలని ఏమీ లేదు. లోపలి అడ్మిన్ "నాది 40 శాతమే" అంటాడు, హోస్ట్ అడ్మిన్ "నీది ఫుల్లు" అంటాడు.

కబురు అందించేదాన్నే డిస్కార్డ్ అంటారు, ట్రిమ్ అని కూడా. వర్చువల్ మెషిన్లని నిర్వహించే లిబ్‌వర్ట్‌లో ఆ డిస్క్ నిర్వచనంలో డిస్కార్డ్‌కి అన్‌మ్యాప్ అని రాయాలి. గెస్ట్‌లో ఎఫ్‌ఎస్‌ట్రిమ్ నడవాలి. చాలా డిస్ట్రోలలో దానికి వారానికోసారి నడిచే టైమర్ ఉంటుంది, ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. విర్టియో బ్లాక్ రకం వర్చువల్ డిస్కులకి ఈ సౌకర్యం 2019లో, లినక్స్ 5.0, వర్చువల్ మెషిన్లని నడిపే క్యూఈఎంయూ 4.0లతో వచ్చింది. అంతకుముందు కట్టిన మెషిన్లని అలాగే మోసుకొస్తుంటే ట్రిమ్ ఎక్కడో మధ్యలోనే ఆగిపోతుంది. తెలుసుకోవడం తేలిక: ఎల్‌ఎస్‌బీఎల్‌కేకి పెద్ద డి ఆప్షన్ పెడితే డిస్కార్డ్ గ్రాన్యులారిటీ కాలమ్‌లో సున్నా కనబడితే కబురు పోవడం లేదని అర్థం. మధ్యలో ఎన్‌క్రిప్షన్ పొర ఉంటే అది కూడా మామూలుగా ట్రిమ్‌ని కిందికి పోనివ్వదు, విడిగా అనుమతివ్వాలి.

ఇక పూల్. మారతహళ్లి పీజీల మీద మావాళ్లు ఒక జోక్ వేస్తుంటారు: ఓనరు ఒకే మంచాన్ని పగలు షిఫ్టువాడికీ రాత్రి షిఫ్టువాడికీ ఇచ్చి ఇద్దరి దగ్గరా ఫుల్ అద్దె పుచ్చుకుంటాడు, ఇద్దరికీ ఒకేసారి సెలవొస్తే తెలుస్తుంది సంగతి. థిన్ ప్రొవిజనింగ్ అంటే అదే వ్యాపారం. రెండు టెరాబైట్ల పూల్ మీద వంద జీబీల మెషిన్లు నలభై. కాగితం మీద ఇచ్చింది నాలుగు టెరాబైట్లు. అందరూ సగం సగం వాడితే చాలు, పూల్ ఖతం. ఆ క్షణాన నలభై మెషిన్లలో ఏ ఒక్కదాంట్లో డీఎఫ్ కొట్టినా 50 శాతం ఖాళీ అంటుంది. లోపల పెట్టిన 80 శాతం అలారం, 90 శాతం అలారం ఒక్కటీ మోగదు.

ఆ తర్వాత జరిగేది దగ్గర్నుంచి చూస్తేగానీ నమ్మబుద్ధి కాదు. క్యూఈఎంయూ డిఫాల్ట్ పద్ధతి ఏమిటంటే, హోస్ట్ మీద చోటు లేక రాయడం విఫలమైతే ఎర్రర్‌ని గెస్ట్‌కి పంపకుండా గెస్ట్‌నే పాజ్ చేస్తుంది. మంచి ఉద్దేశమే, డేటా పాడవకుండా. కానీ లోపలివాడికి ఏమీ తెలీదు. లాగ్‌లో ఒక్క ఎర్రర్ ఉండదు. 2:14కి ఒక వరుస, దాని కిందే 3:40కి ఇంకో వరుస, మధ్యలో శూన్యం. గ్రాఫుల్లో ఆ గంటన్నర తెల్లగా ఖాళీ. అదే లినక్స్‌లో డిస్కుల్ని కలిపి పంచే ఎల్‌వీఎం థిన్ పూల్ నేరుగా నిండితే వేరే కథ: డిఫాల్ట్‌గా 60 సెకన్లు రాతల్ని క్యూలో ఉంచుతుంది, ఈలోపు ఎవరూ చోటు కలపకపోతే ఎర్రర్లు వదులుతుంది. అవి గెస్ట్‌దాకా చేరితే లోపలి ఈఎక్స్‌టీ4 జర్నల్ రాయలేక రీడ్ ఓన్లీ అయిపోవచ్చు. పూల్ దానంతటదే పెరిగే ఏర్పాటు ఎల్‌వీఎంలో ఉంది, ఆటోఎక్స్‌టెండ్ థ్రెషోల్డ్ అని. దాని డిఫాల్ట్ విలువ 100. వంద అంటే ఆ ఏర్పాటు ఆఫ్‌లో ఉందని. కాన్ఫిగ్ ఫైల్ తెరవనివాళ్లకి ఇది తెలిసే దారే లేదు.

పాత కంపెనీలో ఉన్నప్పుడు ఒక హోస్టింగ్ సంస్థ దగ్గర మా మెషిన్లు కొన్ని ఉండేవి, పేరెందుకులెండి. సరిగ్గా పైన చెప్పినట్టే లాగ్‌లో ఖాళీలు వచ్చేవి. సపోర్టుకి రాస్తే "మీ వీఎంలో 45 శాతం ఖాళీగా ఉంది సార్, సమస్య మీ అప్లికేషన్‌ది" అని జవాబు. పక్కన మా స్క్రీన్‌షాటే అతికించి పంపారు. మావాళ్లు భయపడి డిస్క్ సైజు పెంచమన్నారు. వాళ్లు పెంచారు కూడా! నిండిపోయిన పూల్ మీద ఇంకో వంద జీబీ మాట ఇవ్వడానికి ఏం ఖర్చు? మంచం ఎలాగూ లేదు. ఆఖరికి వాళ్లలోనే ఒక తెలుగు ఇంజనీరు ఫోన్లో, "సార్, మీరు నా పేరు చెప్పకండి, మా పూల్ 100కి కొట్టి మళ్లీ కిందికి వస్తోంది, రాత్రి స్నాప్‌షాట్లు తీసినప్పుడల్లా" అన్నాడు. నిండినదాన్ని వదిలేసి నిండనిదాన్ని పెంచడమని పైన అన్నది దీని గురించే.

స్నాప్‌షాట్ల మాట కూడా అక్కడిదే. స్నాప్‌షాట్ అంటే డిస్క్ ఆ క్షణాన ఎలా ఉందో పట్టి ఉంచడం. అప్‌గ్రేడ్ ముందు తీస్తాం, అప్‌గ్రేడ్ బాగా జరిగితే సంతోషంలో తీసేయడం మరిచిపోతాం. వీఎంవేర్ వర్చువల్ మెషిన్లలో స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి రాతలన్నీ డెల్టా ఫైల్లోకి పోతాయి, అది అసలు డిస్క్ అంత పెద్దది కాగలదు. ఒక స్నాప్‌షాట్‌ని 72 గంటలకి మించి ఉంచవద్దని వీఎంవేర్ సూచన. లోపల డీఎఫ్‌లో దీని నీడ కూడా పడదు.

తిరగేసిన కేసు కూడా రోజూ చూస్తాం. "అన్నా, వాల్యూమ్ రెండొందలు చేశాం, డీఎఫ్ ఇంకా వందే అంటోంది." కింది పొర పెరిగింది, పై పొరలకి ఎవరూ చెప్పలేదు. గ్రోపార్ట్‌తో పార్టిషన్ పెంచాలి, ఎల్‌వీఎం ఉంటే దాని పొరలు పీవీ, ఎల్‌వీ కూడా, ఆపైన రీసైజ్2ఎఫ్‌ఎస్ గానీ ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రో గానీ. ఇది తెలియక ఇంకోసారి పెంచినవాళ్ల గురించి నేనేమీ అనను.

ఇంత చెప్పాక వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, మా మేనేజరు ప్రతిసారీ అంటాడు: "డిస్క్ చవక, మీ టైమ్ ఖరీదు. నెలకి కొన్ని వందల రూపాయల జీబీల కోసం రాత్రి రెండింటికి పరిశోధనలా?" ఇందులో సగం న్యాయముంది. డేటాబేస్ డిస్క్ 99కి చేరి, నిమిషాల్లో ఆగిపోయేలా ఉంటే నేనూ ముందు పెంచుతాను, తర్వాతే చూస్తాను. మిగతా సగం దగ్గరే పేచీ. డిలీటెడ్ ఫైల్లోకి రాసే ప్రాసెస్‌కి రెండొందల జీబీ ఇస్తే రెండొందలూ నింపుతుంది. పెంచిన డిస్క్‌కి స్నాప్‌షాట్లూ బ్యాకప్‌లూ స్టేజింగ్ కాపీలూ వెంట వస్తాయి, ఒక్కటే పెరిగిందనుకోవడం భ్రమ. పైగా చూడాల్సినవి చాలావరకు రెండు మూడు నిమిషాల పని. డీఎఫ్ మామూలుగా ఒకసారి, ఐ ఆప్షన్‌తో ఒకసారి, ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్1, ఎక్స్ ఆప్షన్‌తో డీయూ. చివరిది ఆలస్యం చేస్తే చెయ్యనివ్వండి, మొదటి మూడూ క్షణాల్లో వస్తాయి. మా దగ్గర డిస్క్ పెంచే టికెట్‌లో ఈ నాలుగింటి అవుట్‌పుట్ లేకపోతే నేను సంతకం పెట్టను. మొదట్లో తిట్టుకున్నారు. ఇప్పటికీ తిట్టుకుంటారు, కానీ అతికిస్తారు.

తొందర రాత్రుల కోసం ఇంకో చిన్న ఏర్పాటు కూడా నాకు నచ్చింది. ప్రతి డేటా డిస్క్ మీదా రెండు జీబీల ఉత్త ఫైల్ ఒకటి ముందే పెట్టి ఉంచుతాం. ప్రమాదం వస్తే దాన్ని చెరిపేసి ఊపిరి తీసుకుని వెతకొచ్చు. నిజంగా బ్లాకులు కేటాయించే ఫ్యాలొకేట్‌తో చెయ్యాలి సుమా, ట్రంకేట్‌తో చేస్తే అది కూడా రంధ్రమే, చెరిపినా ఏమీ దొరకదు.

కింది పొర గురించి మాత్రం మనం ఒక్కళ్లమే చేయగలిగింది తక్కువ. మా కంపెనీ సొంత క్లస్టర్‌కి స్టోరేజ్ చూసేది వేరే టీమ్, ఎలక్ట్రానిక్ సిటీలో కూర్చుంటారు. పూల్ ఎంత నిండిందో మాకు కనబడాలని అడిగితే "అది మా ఇంటర్నల్" అన్నారు చాలాకాలం. మా డీఎఫ్ వాళ్లకి కనబడుతుంది, వాళ్ల పూల్ మాకు కనబడకూడదట! నిండితే ఆగేది మా మెషిన్లు కనుక ఆ అంకె మీద మాకు హక్కుందని నేను ప్రతి రివ్యూలోనూ వాదించాను, కన్నడంలో వచ్చిన నాలుగు ముక్కలూ కలిపి మరీ. ఇప్పుడు సోమవారం సోమవారం ఒక ఎక్సెల్ షీట్ పంపుతున్నారు. గ్రాఫ్ కాదు, అలారం కాదు, షీట్. సరే, ఏమీ లేనిదానికంటే నయం. అందులో డేటా శాతం ఉంది, మెటాడేటా శాతం లేదు. థిన్ పూల్‌లో ఏ బ్లాకు ఎవరిదో రాసుకునే మెటాడేటాకి విడిగా చోటుంటుంది, స్నాప్‌షాట్లు ఎక్కువైతే డేటా కంటే ముందే అది నిండిపోవచ్చు, నిండితే పూల్‌ని బాగుచేసుకోవడం ఇంకా పెద్ద తలనొప్పి. ఎల్‌వీఎస్ కొడితే రెండు కాలమ్‌లూ పక్కపక్కనే వస్తాయి, ఒకటి కాపీ చేసి రెండోది వదిలేయడానికే ఎక్కువ పని. ఆ కాలమ్ కూడా పెట్టమని మొన్న మళ్లీ రాశాను. "నోటెడ్" అని వచ్చింది.